తూకం తెలిసిన వైమానికుడు – విల్బర్ రైట్

ఆకాశంలో విహరించాలనే కోరిక మానవునికి అనాదిగా ఉన్నదే. ఆ కోరికను నెరవేర్చినవారుగా రైట్ సోదరుల పేర్లు పాఠశాల విద్యార్థులందరికీ పరిచితమే. అయితే వారు సాధించిన ఘనకార్యం ఒక యంత్రాన్ని ఇంజను బలంతో గాలిలోకి లేపడమేనని సామాన్యంగా భావిస్తూ ఉంటారు. నిజానికి వారికంటె బలమైన ఇంజను ఆ కాలంలోనే మరొకరి వద్ద ఉన్నది. లేనిదల్లా, గాలిలోకి లేచిన యంత్రాన్ని ప్రక్కకు ఒరగకుండా, ముక్కు నేలకు గ్రుచ్చుకొనకుండా నిలిపి ఉంచే ఉపాయం. ఆ ఉపాయం కోసం తన జీవితంలోని అమూల్యమైన సంవత్సరాలను ధారపోసినవాడు సోదరులలో పెద్దవాడైన విల్బర్ రైట్. విమానం ఎంత బరువున్నది అనే ప్రశ్నతో ఆగక, ఆ బరువు ఎక్కడెక్కడ ఉన్నది అని కూడా విచారించడమే ఆయన విశిష్టత.

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, మిల్‌విల్ అనే చిన్న గ్రామం సమీపాన జన్మించాడు. తండ్రి మిల్టన్ రైట్ మత ప్రబోధకుడు. తరువాతి కాలంలో బిషప్పు అయినాడు. తల్లి సూసన్ బండ్లు తయారుచేసేవారి ఇంటి ఆడపడుచు. పనిముట్లు పట్టుకొని ఇంటికి కావలసిన వస్తువులను స్వయంగా చేసుకొనే నేర్పు ఆమెకు ఉండేది. ఆ నేర్పు బిడ్డలకు అబ్బింది. తమ్ముడు ఆర్విల్ 1871లో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో పుట్టాడు. 1878లో తండ్రి ఊరినుండి వస్తూ వెదురు, బెండు, కాగితంతో చేసిన ఒక ఎగిరే బొమ్మను తెచ్చి పిల్లలకు ఇచ్చాడు. రబ్బరు పట్టీని మెలిపెట్టి వదిలితే అది పైకి లేచేది. బొమ్మ విరిగిపోయిన తరువాత పిల్లలు దానివంటిదే తామే చేసుకొన్నారు.

విల్బర్ చదువులో చురుకైనవాడు. ఇండియానాలోని రిచ్‌మండ్ ఉన్నత పాఠశాలలో తరగతులన్నీ ముగించాడు. కాని 1884లో కుటుంబం హఠాత్తుగా డేటన్‌కు తరలిపోవడంతో పట్టా అందుకొనలేకపోయాడు. యేల్ విశ్వవిద్యాలయంలో చేరాలన్న ఆశ మాత్రం మిగిలింది. 1885-86 శీతకాలంలో మంచు మీద ఆడుతుండగా ఎదుటివాని చేతికర్ర ముఖానికి తగిలి ముందుపళ్లు ఊడిపోయాయి. శరీరం కోలుకొన్నా మనసు కోలుకొనడానికి చాలాకాలం పట్టింది. కళాశాల ఆశ అడుగంటింది. అప్పటికే క్షయవ్యాధితో మంచం పట్టిన తల్లికి సేవ చేస్తూ, తండ్రి గ్రంథాలయంలోని పుస్తకాలు చదువుతూ ఆయన ఇంటనే ఉండిపోయాడు. 1889లో తల్లి మరణించింది.

అటుపిమ్మట సోదరులిద్దరూ ముద్రణాలయం నడిపారు. 1892లో సైకిళ్ల దుకాణం తెరిచారు. కొన్నాళ్లకు తమ పేరుతోనే సైకిళ్లు తయారుచేసి విక్రయించసాగారు. ఈ వృత్తి విల్బర్‌కు జీవనాధారమే కాదు, పాఠశాల కూడా అయింది. సైకిలు తనంత తాను నిలబడదు. తొక్కేవాడు క్షణక్షణమూ సరిదిద్దుకొంటూ ఉంటేనే అది నిలుస్తుంది. గాలిలోని యంత్రమూ అటువంటిదేననీ, దానిని నడిపేవాడు దానిని అదుపులో ఉంచుకొనే విద్యను అభ్యసించవలసిందేననీ ఆయన గ్రహించాడు.

1896 ఆగస్టులో జర్మనీ దేశస్థుడైన ఆటో లిలియెంథాల్ మరణవార్త ప్రపంచానికి తెలిసింది. ఆయన ఇంజను లేని గ్లైడర్లతో కొండలమీదినుండి వేలసార్లు ఎగిరిన సాహసి. గ్లైడరుకు వ్రేలాడుతూ తన దేహాన్ని ముందుకు, వెనుకకు, ప్రక్కలకు జరిపి తూకం నిలుపుకొనేవాడు. ఒకనాడు గాలి తాకిడికి గ్లైడరు ముక్కు పైకి లేచి, వేగం నశించి, ఆయన నేలకూలాడు. మరునాడు బెర్లిన్‌లో కన్నుమూశాడు. ఆ సమయంలో ఆర్విల్ టైఫాయిడ్ జ్వరంతో పడి ఉన్నాడు. తమ్మునికి పరిచర్యలు చేస్తూనే విల్బర్ ఈ మరణాన్ని గూర్చి లోతుగా ఆలోచించాడు.

కావడి మోసేవాడు భుజాన్ని కొద్దిగా జరిపి రెండు కుండలనూ సరితూచుకొంటాడు. కాని కుండలు పదింతలు బరువైతే ఆ భుజం కదలిక చాలదు. అదేవిధంగా యంత్రం పెద్దదయ్యేకొద్దీ మనిషి దేహపు కదలిక దానిని నిలుపలేదని విల్బర్ నిర్ణయించుకొన్నాడు. గాలిలో తేలే పక్షులను పరిశీలించగా, అవి రెక్కల కొసలను మెలితిప్పి ఒరుగును సరిదిద్దుకొనడం కనిపించింది. 1899లో ఆయన స్మిత్సోనియన్ సంస్థకు లేఖ వ్రాసి, విమానయానంపై అంతవరకు వెలువడిన గ్రంథాల వివరాలు తెప్పించుకొన్నాడు. ఆ వేసవిలోనే అయిదడుగుల గాలిపటంవంటి నమూనాను చేసి, త్రాళ్లతో దాని రెక్కలను మెలితిప్పి, తన ఊహ సరియైనదని నిరూపించుకొన్నాడు.

1900లో సోదరులు ఉత్తర కరొలినా సముద్రతీరంలోని కిట్టీహాక్‌కు వెళ్లారు. అక్కడ ఎడతెగని గాలీ, మెత్తని ఇసుక దిబ్బలూ ఉన్నాయి. వారి మొదటి గ్లైడరు వెడల్పు 17 అడుగులు, బరువు సుమారు 52 పౌండ్లు. చాలాసార్లు దానిపై మనిషి ఎక్కలేదు. ఇనుప గొలుసులను బరువుగా పెట్టి, గాలిపటంవలె ఎగురవేసి, త్రాడు లాగే బలాన్ని స్ప్రింగు త్రాసుతో కొలిచారు. ప్రాణాన్ని పణంగా పెట్టేముందు లెక్కను సరిచూసుకొనడం ఆయన పద్ధతి. ఎలివేటరును రెక్కలకు ముందు అమర్చడంలో కూడా లిలియెంథాల్ వలె ముక్కు గ్రుచ్చుకొని పడిపోకుండా ఉండాలన్న జాగ్రత్తే ప్రధానం.

1901లో 22 అడుగుల వెడల్పుగల పెద్ద గ్లైడరును చేశారు. తూకం కేంద్రం ఉండవలసిన చోటును లెక్కగట్టి విల్బర్ అక్కడ పడుకొని ఎగిరాడు. యంత్రం వెంటనే ముక్కు వంచి నేలకు దిగింది. కొన్ని అంగుళాలు వెనుకకు జరిగి మళ్లీ ప్రయత్నించాడు, అదే ఫలితం. చివరకు అనుకొన్న స్థానానికి దాదాపు ఒక అడుగు వెనుకకు జరిగిన తరువాత గాని అది దూరం పోలేదు. కాని అప్పుడు ముక్కు పైకెత్తి, లిలియెంథాల్‌ను బలిగొన్న స్థితికే వచ్చింది. ముందున్న ఎలివేటరు ఆ రోజు ఆయనను కాపాడింది. రెక్కల వంపు ఎక్కువైనందువలన గాలి బలం పనిచేసే స్థానం అటూ ఇటూ మారుతున్నదని గ్రహించి, వంపును తగ్గించారు. అయినా తాము ఆధారపడిన పాత పట్టికలపై నమ్మకం సడలింది. తమ జీవితకాలంలో మానవుడు ఎగురలేడేమోనన్న నిరాశ విల్బర్‌ను ఆవరించింది.

ఆ నిరాశనుండి ఆయనను తేర్చినది కొలత. ఆ యేడాది చివర డేటన్ దుకాణంలో ఒక చిన్న వాయు సొరంగాన్ని నిర్మించి, సుమారు 200 రెక్కల నమూనాలను సోదరులు పరీక్షించారు. ఆ ఫలితాలతో చేసిన 1902 గ్లైడరు వందలసార్లు చక్కగా ఎగిరింది. దానికి కదిలే చుక్కానిని అమర్చడంతో ఒరుగు, మలుపు, ఎత్తు మూడూ వశమయ్యాయి.

ఇక ఇంజను. మనిషితో కలిపి మొత్తం 625 పౌండ్లు మించరాదని వారు మొదట అంచనా వేశారు. కాని ఏ విమానం కట్టేవారికైనా ఎదురయ్యే చిక్కే వారికీ ఎదురైంది; కట్టేకొద్దీ బరువు పెరిగింది. 1903 నాటి ఫ్లయరు ఒక్కటే 605 పౌండ్లు తూగింది. మనిషితో 700 పౌండ్లు దాటింది. అదృష్టవశాత్తు దుకాణంలోని యంత్రకారుడు చార్లీ టేలర్ తయారుచేసిన ఇంజను, ఆశించిన 8 అశ్వశక్తులకు బదులు 12 అశ్వశక్తులు ఇచ్చింది. ఇంజనును మధ్యరేఖకు కుడివైపున, చోదకుని ఎడమవైపున ఉంచారు. ఇంజను మనిషికంటె బరువైనది కనుక, ఆ హెచ్చు బరువును మోయడానికి కుడి రెక్కను ఎడమ రెక్కకంటె నాలుగు అంగుళాలు పొడవు చేశారు. చూపరులకు కనిపించని ఆ నాలుగు అంగుళాలలో విల్బర్ ఆలోచనారీతి అంతా ఇమిడి ఉన్నది.

అదే సమయంలో స్మిత్సోనియన్ సంస్థ అధిపతి లాంగ్లీ 52 అశ్వశక్తుల ఇంజనుతో నిర్మించిన విమానం, 1903 డిసెంబరు 8న రెండవ పర్యాయం పొటోమాక్ నదిలో పడిపోయింది. ఆరు రోజుల తరువాత విల్బర్ వంతు వచ్చింది. ఫ్లయరు ముక్కును మితిమీరి ఎత్తినందున మూడున్నర క్షణాలలోనే అది ఇసుకలో దిగబడింది. మరమ్మతు చేసి, డిసెంబరు 17న మళ్లీ ప్రయత్నించారు. ఆర్విల్ 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరాడు. ఆనాటి నాలుగవ ప్రయాణంలో విల్బర్ 59 సెకన్లలో 852 అడుగులు సాగాడు. చరిత్ర ఇక్కడితో ముగిసినట్లు చాలా పుస్తకాలు చెబుతాయి. కాని ఆ యంత్రం అలలమీది పడవవలె ముక్కు ఎత్తుతూ దించుతూ ఎగిరిందే గాని నిలకడగా ఎగురలేదు.

1904లో డేటన్ సమీపంలోని హఫ్‌మన్ ప్రెయిరీ అనే పచ్చికబయలులో కొత్త విమానంతో సాధన సాగించారు. ఎగుడుదిగుళ్లు తగ్గలేదు. బరువును వెనుకకు జరిపి చూచారు. పరిస్థితి మరింత విషమించింది. అప్పుడు బరువును తిరిగి ముందుకు తెచ్చి, అది చాలక విమానం ముందుభాగాన 70 పౌండ్ల ఇనుమును కట్టారు. ఒక్కొక్క పౌండును తగ్గించుకొనడానికి నానాయాతనలు పడినవారు చేజేతులా ఇనుమును మోయడం వింతగా తోస్తుంది. కాని విమానం శాంతించింది. బాణానికి ములికి ముందుండడం ఎందుకో తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కాదు. విమానపు మొత్తం బరువు కేంద్రీకృతమయ్యే గరిమనాభి మరీ వెనుకకు ఉంటే, ముక్కు ఒక్కసారి లేచినదంటే ఇంకా లేవడానికే చూస్తుంది. గరిమనాభి తగినంత ముందుంటే తనంతట తానే సర్దుకొంటుంది. పైగా బరువు ప్రభావం దాని పరిమాణం మీదనే గాక, దూరం మీద కూడా ఆధారపడుతుంది. ఇరుసుకు ఒక మీటరు దూరంలోని 20 కిలోలను, రెండు మీటర్ల దూరంలోని 10 కిలోలు సరితూచగలవు. అందుచేతనే కొసన కట్టిన కొద్దిపాటి ఇనుము అంత పనిచేసింది.

ఆ యేడు సెప్టెంబరు 20న విల్బర్ గాలిలో మొదటిసారిగా పూర్తి వలయం తిరిగాడు. 1905లో ఎలివేటరును పెద్దది చేసి, మరింత ముందుకు జరిపారు. ఆ అక్టోబరు 5న ఆయన 39 నిమిషాలపాటు నిరాఘాటంగా 24 మైళ్లు ఎగిరాడు. నిజమైన విమానం అవతరించినది ఆనాడేనని చెప్పవచ్చు.

1908లో విల్బర్ ఫ్రాన్సుకు వెళ్లి, ఆగస్టు 8న లెమాన్స్ వద్ద సందేహించినవారి ఎదుటనే విమానం నడిపాడు. డిసెంబరు 31న రెండు గంటల ఇరవై నిమిషాలపాటు గాలిలో ఉన్నాడు. ఈ విమానంలో ఇద్దరికి చోటున్నది. చోదకుని ఆసనం ఎడమ ప్రక్కన, ఇంజను కుడి ప్రక్కన, ప్రయాణికుని ఆసనం సరిగా మధ్యన అమర్చారు. ప్రయాణికుడు ఉన్నా లేకపోయినా ప్రక్కల తూకం చెడకపోవడం ఈ అమరికలోని సొగసు. అనంతర కాలంలో పేటెంటు హక్కుల వ్యాజ్యాలు ఆయన శక్తిని హరించాయి. 1912 మే 30న టైఫాయిడ్ జ్వరంతో డేటన్‌లో పరమపదించాడు. అప్పటికి ఆయన వయస్సు 45 సంవత్సరాలు మాత్రమే. సోదరులిద్దరూ అవివాహితులే. 1903 నాటి ఫ్లయరు 1948నుండి స్మిత్సోనియన్ సంస్థలో ప్రదర్శితమవుతున్నది.

నేడు అనేక దేశాలలో ఔత్సాహికులు ఇంటివద్దనే చిన్న విమానాలు నిర్మించుకొంటున్నారు. మొదటిసారి ఎగిరేముందు వారు విమానాన్ని సమతలంగా నిలిపి, మూడు చక్రాల క్రింద మూడు త్రాసులు ఉంచి తూస్తారు. ప్రతి బరువునూ ఒక నిర్ణీత స్థానంనుండి దాని దూరంతో గుణించి, కూడి, మొత్తం బరువుతో భాగిస్తే గరిమనాభి తెలుస్తుంది. చోదకుడు, ప్రయాణికుడు, పెట్టె, పెట్రోలు – అన్నింటికీ ఈ లెక్క కట్టి, పెట్రోలు తరిగిపోయిన తరువాత కూడా గరిమనాభి హద్దు దాటదని నిశ్చయించుకొన్న పిమ్మటనే బయలుదేరాలి. ఉన్నత పాఠశాల విద్యార్థి చేయగల లెక్క ఇది. ప్రాణాలను నిలిపేదీ ఇదే.

1994 ఏప్రిల్ 16న, విల్బర్ 127వ జయంతినాడు, ఆయన అందుకొనలేకపోయిన ఉన్నత పాఠశాల పట్టాను మరణానంతరం ప్రదానం చేశారు. పట్టా లేకపోయినా ఆయన పాఠశాలలో నేర్చిన గణితాన్ని విడువలేదు. ఎగరకపోయినప్పుడు విధిని నిందించక, బరువును అంగుళం అంగుళంగా జరిపి చూచాడు. అవసరమైనచోట ఇనుమును మోయడానికీ వెనుదీయలేదు. భౌతికశాస్త్ర పాఠంలో గరిమనాభిని గూర్చి చదివే బాలబాలికలకు, ఆ పాఠం బోధించే గురువులకు, ఈ మహనీయుని జీవితం నిత్యస్మరణీయం.