కాలువ తవ్వించిన క్లౌ దొర



ప్రేమ గురించి మాట్లాడడం తేలిక. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టి, దానికి బదులుగా ఏమీ కోరకుండా ఉండడం కష్టం. ఆ కష్టమైన పని చేసిన మనిషి జాన్ ఎవరెట్ క్లౌ. ప్రకాశం జిల్లా పల్లెల్లో ముసలివాళ్ళు ఆయన్ని క్లౌ దొర అనేవారు.

ఆయన 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. కుర్రతనంలో అడవుల్లో భూమి కొలిచే సర్వే పని నేర్చుకున్నారు. తర్వాత కాలేజీ చదువు చదివి, బాప్టిస్టు మిషనరీగా భార్య హేరియట్‌తో కలిసి 1865లో నెల్లూరు చేరుకున్నారు. 1866లో ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మందే.

ఆయనకు ముందుగా దారి చూపించినది యర్రగుంట్ల పేరయ్య. తాళ్ళకొండపాడుకు చెందిన మాదిగ, తోళ్ళ వ్యాపారి. పేరయ్య, ఆయన భార్య నాగమ్మ ఊరూరా నడిచి తమవాళ్ళకు చెప్పారు. కాబట్టి ఈ చరిత్ర దొర ఒక్కడిదే కాదు, మన పెద్దలది కూడా.

మొదట్లో ఒంగోలు బడికి అగ్రకులాల పిల్లలు వచ్చేవారు. వారి పెద్దలకు క్లౌ అంటే గురి. మాదిగలు సంఘంలో చేరడం మొదలయ్యేసరికి వాళ్ళు అభ్యంతరం చెప్పారు. వీళ్ళను చేర్చుకుంటే తాము రామన్నారు. క్లౌ దంపతులకు ఇది పెద్ద పరీక్ష. పలుకుబడి ఉన్నవాళ్ళు కావాలా, అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టినవాళ్ళు కావాలా? ఇద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందని ఆయన జీవితకథలో ఉంది. అది కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం. లోకం తక్కువగా చూసేవారినే దేవుడు ఎన్నుకున్నాడని దాని భావం. వాళ్ళు పేదల పక్షానే నిలబడ్డారు.

1876లో మహా కరువు మొదలైంది. 1878 వరకు సాగింది. మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. రెక్కాడితే గాని డొక్కాడని కూలీలకే ముందు చావు వచ్చింది. అప్పుడు ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ తన పాత సర్వే చదువుని బయటకు తీసి, మూడున్నర మైళ్ళ కాలువ పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. లాభం కోసం కాదు, మనుషులు బతకడం కోసం. ఆయన దగ్గరి బోధకులే మేస్త్రీలయ్యారు. మగవాళ్ళు తవ్వారు, ఆడవాళ్ళు గంపలతో మన్ను మోశారు. పని చేసినవారికి కూలి చేతికి అందింది. విశ్రాంతి వేళల్లో బోధకులు వాళ్ళతో కూర్చుని మంచీ చెడూ మాట్లాడేవారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. పనికి వచ్చినవారిలో చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కూడు కోసం మతం మారారన్న మాట ఆ పేదల మీద పడకూడదని, ఆకలిని అడ్డం పెట్టుకుని ఎవరినీ కలుపుకోకూడదని ఆయన పట్టుదల. కరువు సాయం ముగిసిపోయాక కూడా వాళ్ళు వచ్చారు. తమకు డబ్బు అక్కర్లేదని చెప్పి మరీ అడిగారు. అప్పుడు గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర పుస్తకాలు ఈ అంకెనే గొప్పగా చెబుతాయి. నాకైతే అంతకు ముందు ఆయన వద్దని ఆపిన ఆ నెలలే గొప్పవి.

క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూశారు. పల్లెల్లో బడులు నడిచాయి. అక్షరం ముట్టకూడదన్న ఇళ్ళలోకి అక్షరం వచ్చింది.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ఇప్పుడు పీజీ చదువుతున్నాను. మనలో చాలామంది ఎవరో ఒకరి చెయ్యి పట్టుకునే ఇంతదాకా వచ్చాం. చెయ్యి అందించినవారిలో కొందరు ఆ సంగతి జీవితాంతం గుర్తు చేస్తూనే ఉంటారు. కొందరు ఇచ్చి మరచిపోతారు. మనం రెండో రకం కావాలి. క్లౌ క్రీస్తును నమ్మి ఆ పని చేశారు. మీరు ఏ దేవుణ్ణి మొక్కినా, అసలు మొక్కకపోయినా సరే. ఈ సంవత్సరం హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లవాడికి లెక్కలు చెప్పండి. జ్వరం వచ్చినవాడికి మెస్ నుంచి గంజి తెచ్చిపెట్టండి. వాడి కులం అడగొద్దు. తర్వాత ఎన్నికల్లో ఓటూ అడగొద్దు. ప్రేమకు బిల్లు రాయకూడదని ఆ కాలువ గట్టు మనకు నేర్పిన పాఠం.