అన్నం ముద్ద వెనుక మన గోదావరి శాస్త్రవేత్త



అన్నంలో ఎక్కువగా ఉండేది స్టార్చ్, అంటే పిండిపదార్థం. మన లాలాజలంలోనూ చిన్నపేగులోనూ ఉండే ఎంజైములు దాన్ని చిన్న చక్కెరలుగా విడగొడతాయి. ఆ చక్కెర పేగు గోడ దాటి రక్తంలో కలవాలి. పేగు పాడైతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఈ కష్టాన్ని సొంత ఇంట్లోనే చూసిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మన కడియం పక్కనే ఉన్న రాజమండ్రిలో చదువుకున్నారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ మాత్రమే దక్కింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. అదే జబ్బు సుబ్బారావుగారికీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు.

1922లో ఆయన అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి కండరాలకు శక్తి ఎక్కడినుంచి వస్తుందో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అన్నంలోని చక్కెర నుంచి వచ్చే శక్తిని కణాలు వాడుకునేది ఈ ఏటీపీ రూపంలోనే. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు.

ఇక ఈస్ట్ సంగతి. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతపై పనిచేసిన డాక్టర్ లూసీ విల్స్, ఈస్ట్ సారం ఇస్తే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. అందులో మేలు చేసిన పదార్థమే ఫోలిక్ యాసిడ్. 1945లో లెడర్లీ కంపెనీ ల్యాబ్‌లో సుబ్బారావుగారి నాయకత్వంలోని బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అమ్మలూ, కడుపుతో ఉన్నప్పుడు మీరు వేసుకున్న ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక ఆయన శ్రమ కూడా ఉంది.

1948లో ఆయన ల్యాబ్ నుంచే మొదటి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్ వచ్చింది. దాన్ని కనుగొన్నది డగ్గర్. ఈరోజు స్ప్రూకు డాక్టర్లు ఇచ్చే చికిత్స ఏమిటో తెలుసా? ఫోలిక్ యాసిడ్‌తో పాటు టెట్రాసైక్లిన్ రకం మందు. సోదరులను తీసుకెళ్లిన జబ్బుకు విరుగుడు ఆయన నడిపిన ల్యాబ్‌లోనే తయారైంది. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే, న్యూయార్క్‌లో కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడలేదు.

ప్రోగ్రెస్ కార్డులో మార్కులు తగ్గితే పిల్లలను మందలించే ముందు ఆ రెండుసార్లు తప్పిన మెట్రిక్యులేషన్‌ను ఒక్కసారి తలచుకోండి. ఈ రాత్రి భోజనంలో ఉత్త అన్నం ఒక ముద్ద ఇచ్చి, నిమిషం పాటు నమలమనండి. కాస్త తియ్యగా అనిపిస్తుంది. ఎందుకో వాళ్లనే చెప్పనివ్వండి.