పద్మనాభ సమర వీరుడు చిన విజయరామరాజు

విజయనగరం నుండి భీమునిపట్నం పోయే ప్రాంతంలో పద్మనాభమనే గ్రామం ఉన్నది. కొండపైన అనంత పద్మనాభస్వామి, కొండ దిగువన కుంతీమాధవస్వామి వెలసిన పుణ్యక్షేత్రమది. ఆ కొండ చెంతనే 1794 జూలై 10వ తేదీన ఒక రాజు తన అనుచరులతో సహా నేలకొరిగారు. ఆయనే పూసపాటి చిన విజయరామరాజు. ఆ యుద్ధం గంటసేపైనా సాగలేదు. కాని దానికి దారితీసిన చరిత్ర నలభై సంవత్సరాలది. ఆ చరిత్ర తెలియనిదే ఆయన జీవితం మనకు అర్థం కాదు.

శ్రీకాకుళం ఆ కాలంలో ఒక సర్కారుకు ముఖ్యపట్టణం. కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో అక్కడ కట్టించిన జుమ్మా మసీదు ఆ పూర్వ వైభవానికి సాక్షి. కుతుబ్‌షాహీల అనంతరం మొగలాయీల చేతికి, పిమ్మట నిజాముల ఏలుబడిలోకి ఆ సర్కారు వచ్చినది. 1753లో నిజాం సలాబత్ జంగ్ శ్రీకాకుళంతో సహా నాలుగు సర్కారుల ఆదాయాన్ని ఫ్రెంచి సేనాని బుస్సీకి, అతని సైన్యపు జీతాల నిమిత్తం అప్పగించాడు. సింహాసనం నిలుపుకొనడానికి పరాయి సైన్యం కావలసి వచ్చినది. ఆ సైన్యాన్ని పోషించడానికి రైతు చెల్లించే శిస్తు కావలసి వచ్చినది. ఈ విధంగా మన ప్రాంతం ఒక్క యుద్ధమైనా జరగకుండానే విదేశీయుల పాలైనది.

దీనిని ఎదిరించినవారు లేకపోలేదు. అప్పటి ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్ ఫ్రెంచివారికి సర్కారులను అప్పగించడానికి ఇష్టపడలేదు. విజయనగర ప్రభువు పెద విజయరామరాజు మొదట ఆయన పక్షాన నిలిచారు. అప్పుడు ఫ్రెంచివారు శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారులను చాలా తక్కువ మొత్తానికి ఇజారాకు ఇస్తామని రాజుగారికి ఆశ చూపారు. ఆయన వారితో చేయి కలిపారు. ఒంటరివాడైన జాఫర్ అలీ నాగపూరు మరాఠాలను పిలుచుకొని వచ్చాడు. వారు ఊళ్లను దోచుకొని పోయారు. ఒకరిది హిందూ మతం, మరొకరిది ఇస్లాం మతం కావడం వలన ఈ చీలిక రాలేదు. ఇజారా వలన వచ్చినది. ఈ సంగతిని మన విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తించాలి.

ఆ తరువాతి కథ ఆంధ్రదేశంలో ప్రతి పల్లెకూ తెలిసినదే. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను కూల్చివేశాయి. కొద్ది దినాలలోనే పెద విజయరామరాజు తాండ్ర పాపారాయుని చేతిలో హతులైనారు. వారసుడైన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారితో పొసగక, కలకత్తాలోని ఇంగ్లీషువారికి కబురు పంపారు. కల్నల్ ఫోర్డు సముద్రమార్గాన వచ్చి దిగాడు. సైన్యపు ఖర్చులకు నెలకు 50,000 రూపాయలు రాజుగారు చెల్లించాలని ఒడంబడిక జరిగినది. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువారి వశమైనది. ఒక విదేశీ సైన్యాన్ని వెళ్లగొట్టడానికి మరొక విదేశీ సైన్యం పిలవబడినది. వచ్చినవారు తిరిగి పోలేదు.

1760లో ఆనంద గజపతిరాజు మశూచి వాతబడి మరణించగా, ఆయనకు సంతానం లేనందున పన్నెండేళ్ల జ్ఞాతి బాలుని దత్తు తీసుకొని గద్దెపై కూర్చుండబెట్టారు. ఆ బాలుడే మన కథానాయకుడు. రాజ్యభారమంతా ఆయన సవతి అన్నగారైన సీతారామరాజు చేతిలో ఉండేది. సీతారామరాజు సమర్థుడు, పట్టుదల గలవాడు. అధికారాన్ని పంచుకొనేవాడు మాత్రం కాదు. తమ్ముడు పేరుకు రాజు, అన్న పనికి రాజు.

1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా ద్వారాను, 1766లో నిజాం అలీతో జరిగిన ఒప్పందం ద్వారాను ఉత్తర సర్కారులు కుంపిణీకి సంక్రమించాయి. దానితో విజయనగర ప్రభువు కుంపిణీకి పేష్కషు చెల్లించే జమీందారు అయినారు. అయినా తొలి దినాలలో ఈ ఏర్పాటు విజయనగరానికి లాభసాటిగానే ఉన్నది. ఎదురు తిరిగిన జమీందారులను అణచడానికి కుంపిణీ సిపాయిలు తోడ్పడ్డారు. మన్యపు జమీందారీలు పెక్కు విజయనగరానికి లోబడినాయి. మనం వీరుని గుణాలతోపాటు ఈ సత్యాన్ని కూడా చెప్పుకొనవలసి ఉన్నది. ఇతరుల కోటలపైకి నడిచిన సైన్యం ఒకనాడు తమ కోటపైకి నడుస్తుందని ఆనాడు ఆ సంస్థానం తలచి ఉండదు.

1778లో మద్రాసు గవర్నరు రంబోల్డు జమీందారులను మద్రాసుకు పిలిపించాడు. విజయరామరాజు అక్కడికి వెళ్లి, తమకు ఇష్టం లేకున్నా అన్నగారిని దివానుగా అంగీకరించవలసి వచ్చినది. తమ దివాను ఎవరో తాము నిర్ణయించుకొనలేని దశ వచ్చినది. 1784లో కుంపిణీ విచారణ సంఘం విజయనగరపు సొంత సైన్యం ప్రమాదకరమని నివేదించినది. పేష్కషు బకాయిలు పేరుకొని పోయాయి. చివరకు 1793లో కుంపిణీ కోటను స్వాధీనపరచుకొని, జమీందారీని జప్తు చేసి, సీతారామరాజును మద్రాసుకు పంపి, నెలకు 1,200 రూపాయల భరణంపై మచిలీపట్నంలో నివసించవలసినదిగా రాజుగారిని ఆజ్ఞాపించినది. ఒకప్పుడు నెలకు 50,000 రూపాయలు జీతంగా పుచ్చుకొనడానికి వచ్చినవారు ఇప్పుడు యజమానికే భరణం నిర్ణయించారు!

రాజుగారు బయలుదేరారు, కాని పద్మనాభం వద్ద ఆగిపోయారు. సుమారు 4,000 మంది అనుచరులు ఆయన చుట్టూ చేరారు. లెఫ్టినెంట్ కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సైన్యంతో వచ్చాడు. తాము గెలువలేమని ఆ రాజుకు తెలియదని మేము అనుకొనము. మచిలీపట్నంలో భరణం తింటూ బ్రతకడం, తన నేలపై తనవారి నడుమ మరణించడం అనే రెండింటిలో ఆయన రెండవదానిని ఎంచుకొన్నారు. ఆయనతోపాటు ముఖ్యులైన సర్దారులు పలువురు ప్రాణాలర్పించారు. అప్పటికి ఆయన వయస్సు సుమారు నలభై ఆరు సంవత్సరాలు.

ఆ మరణం వ్యర్థం కాలేదు. బాలుడైన కుమారుడు నారాయణబాబు మక్కువ కొండలలో తలదాచుకొనగా, ఒకప్పుడు విజయనగరం క్రింద నలిగిన మన్యపు జమీందారులే ఆ బాలునికి అండగా నిలిచారు. కుంపిణీ దిగివచ్చి జమీందారీని, తగ్గించిన విస్తీర్ణంతో, అతనికి తిరిగి ఇచ్చినది. 1802 శాశ్వత పరిష్కారంలో 1,157 గ్రామాలు గల ఆ ఎస్టేటుకు 5 లక్షల రూపాయల పేష్కషు నిర్ణయమైనది. సొంత సైన్యం మాత్రం మరి తిరిగి రాలేదు.

విజయరామరాజు జీవితంలో మనం నేర్చుకొనవలసినది శౌర్యం ఒక్కటే కాదు. జాఫర్ అలీ, పెద విజయరామరాజు 1753లో ఒకటిగా నిలిచి ఉంటే ఏమయ్యేదో చెప్పలేము. వారు విడిపోయినందువలన ఏమైనదో మాత్రం పద్మనాభం చెబుతున్నది. ఇంటి తగవు తీర్చడానికి పిలిచిన పరాయి సైన్యం తన కూలిని భూమి రూపంలో తీసుకొంటుంది. విద్యార్థులు ఈసారి ఆ కొండ మెట్లు ఎక్కేటప్పుడు, ఒక్క క్షణం ఆగి దిగువనున్న నేలను చూడవలసినదని మా కోరిక.