ఓడలు నడిపిన తాలూకాఫీసు గుమాస్తా



ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాసి ఇవ్వమని సంపాదకులవారు అడిగి మూడు నెలలు దాటింది. సర్వీసంతా నోటు పెట్టడం, డ్రాఫ్టు పెట్టడం తప్ప వ్యాసం రాసిన అలవాటు లేనివాణ్ణి. అందుచేత ఆ కాగితం నా దగ్గర పెండింగులోనే ఉండిపోయింది. మొన్న మనవాళ్లం కొందరం కలిసి హార్స్‌లీ హిల్స్ వెళ్లినప్పుడు అక్కడ నడిచిన ఒక వాదన వల్ల అది కదిలింది.

మదనపల్లెలో బస్సెక్కి పొద్దున్నే కొండమీదికి చేరాము. గాలిబండ మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుతుండగా ఒక మిత్రుడు తన కూతురి సంగతి ఎత్తాడు. ఆ అమ్మాయి అమెరికాలో ఉంటుంది. ఏటా సెలవుల్లో మొగుడూ పిల్లలతో సముద్రం మీద విహారనౌకలో వారం రోజులు తిరిగి వస్తుంది. ఇన్నేళ్లూ ఒకే కంపెనీ ఓడ. పాత ఖాతాదారులని వాళ్లు ఏదో కార్డు ఇచ్చారట, మర్యాదలు కూడా చేస్తారట. ఈసారి ఇంకో కంపెనీవాళ్లు దాదాపు సగం ధరకే తీసుకెళతామన్నారు. పాతవాళ్లను విడిచిపెట్టడమా, మానడమా అని ఆ పిల్ల తండ్రిని అడిగింది.

ఇక చూడండి, పొట్లాలు పక్కన పెట్టి అందరూ తలా ఒక తీర్పు ఇచ్చారు. డబ్బు మిగిలేచోటికి పోవడంలో తప్పేముందని ఒకరు. ఇన్నాళ్లు ఆదరించినవాణ్ణి నాలుగు డాలర్ల కోసం వదలడం మర్యాద కాదని ఒకరు. ఓడకేం తెలుసు, అది ఏడుస్తుందా అని మరొకరు. నేను ఊరుకోలేక, ఈ పరీక్ష నూటికి పైగా ఏళ్ల క్రితమే తూత్తుకుడి రేవులో జరిగిపోయిందని అన్నాను. అక్కడ ఓడ ఏడవలేదు గాని, ఓడ నడిపిన మనిషి గానుగ తిప్పాల్సి వచ్చిందని చెప్పాను. ఆయనే వి.ఓ. చిదంబరం పిళ్ళైగారు.

మన ప్రాంతంవారికి ఈ పేరు మరీ కొత్తది కాదు. చిత్తూరు జిల్లావాళ్లం అరవ సినిమాలు చూస్తూ పెరిగినవాళ్లమే గదా. 1961లో శివాజీ గణేశన్, సావిత్రి నటించిన కప్పలోట్టియ తమిళన్ అనే చిత్రం వచ్చింది. ఓడ నడిపిన తమిళుడు అని దాని అర్థం. ఆ చిత్రం తీసిన బి.ఆర్. పంతులుగారిది మన కుప్పం దగ్గరి రాళ్లబుదుగూరు. నేను పదీ పదకొండేళ్ల వయసులో టూరింగ్ టాకీసులో నేలమీద కూర్చుని చూశాను. జాతీయ బహుమతి వచ్చింది గాని చిత్రానికి డబ్బులు మాత్రం రాలేదు. ఓడలకు పట్టిన గతే బొమ్మకూ పట్టిందని మా నాయన అనేవాడు.

పిళ్ళైగారు 1872 సెప్టెంబరు 5న తిరునల్వేలి ప్రాంతంలోని ఒట్టపిడారంలో జన్మించారు. తండ్రి ఉలగనాథ పిళ్ళై వకీలు. ఒట్టపిడారంలోను, తూత్తుకుడిలోను చదువు ముగించాక చిదంబరంగారు కొంతకాలం తాలూకాఫీసులో గుమాస్తాగా పనిచేశారు. జీవితచరిత్రల్లో ఇది ఒక్క వాక్యంతో దాటిపోతుంది. నాకు మాత్రం ప్రతిసారీ అక్కడ కాస్త ఆగాలనిపిస్తుంది. అక్కడే ఉండి ఉంటే శిరస్తాదారై, సన్మానపత్రమూ శాలువా పుచ్చుకుని, మనలాగే ఇంట్లో కూర్చునేవారేమో. తండ్రి ఉండనివ్వలేదు. తిరుచిరాపల్లికి పంపి న్యాయశాస్త్రం చదివించారు. 1894లో ప్లీడరు పరీక్ష ప్యాసై, 1895లో సొంత ఊళ్లో ప్రాక్టీసు పెట్టి, 1900లో తూత్తుకుడికి మకాం మార్చారు.

తూత్తుకుడి నుంచి కొలంబోకు ఒక రాత్రి ప్రయాణం. తేయాకు తోటలకు పోయే కూలీలు, బియ్యం, గుడ్డలు, ఎండుమిరపకాయలు తీసుకుపోయే వర్తకులు అందరూ ఆ దారినే పోవాలి. ఆ రేవులో పెత్తనమంతా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. మనవాళ్లు కాకినాడలో, విశాఖపట్నంలో ఓడెక్కి రంగూను కూలికి పోయిన రోజుల్లోనూ ఎక్కువగా ఎక్కింది ఆ కంపెనీ ఓడలే. డెక్కు మీద ఎండలో వానలో కూర్చుని పోయేవారు. ఇంకో ఓడ ఉంటే గదా ఇది బాగాలేదు, అది బాగుంది అనడానికి.

వంగదేశంలో 1905లో స్వదేశీ ఉద్యమం లేచింది. విదేశీ గుడ్డ మానమని ఊరూరా చెబుతున్న కాలమది. పిళ్ళైగారు గుడ్డతో ఆగక, ఆ గుడ్డ మోసే ఓడ మాటేమిటని ఆలోచించారు. 1906 అక్టోబరు 16న స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని రిజిస్టరు చేయించారు. మూలధనం పది లక్షల రూపాయలు, వాటా ఒక్కింటికి 25 రూపాయల చొప్పున 40,000 వాటాలు. పాలవనత్తం జమీందారు పాండిత్తురై తేవర్ అధ్యక్షులు. హాజీ మహమ్మద్ బకీర్ సేట్ ఒక్కరే రెండు లక్షలు పెట్టి 8,000 వాటాలు కొన్నారు. పిళ్ళైగారికి సహాయ కార్యదర్శి హోదా. పేరుకు సహాయం, పని మాత్రం అంతా ఆయనదే. ఆఫీసుల్లో పనిచేసినవారికి నేను విడమరచి చెప్పనక్కరలేదు.

మొదట అద్దె ఓడలతో ప్రారంభించారు. అద్దెకిచ్చిన కంపెనీమీద తెల్లదొరల కంపెనీ ఒత్తిడి తెచ్చి ఆ ఏర్పాటు మాన్పించింది. పిళ్ళైగారు కొలంబో వెళ్లి ఇంకో ఓడ తెచ్చుకుని సర్వీసు ఆగకుండా చూశారు. అద్దె ఓడలతో ఎన్నాళ్లు? సొంత ఓడ లేకుండా తిరిగి రానని ఒట్టు పెట్టుకుని బొంబాయి వెళ్లారు. అప్పుడు ఇంట్లో కొడుక్కు జబ్బు, భార్య గర్భవతి. 1907లో గాలియా, లావో అనే రెండు ఓడలు తూత్తుకుడి చేరాయి. గాలియాలో మొదటి తరగతిలో 42 మందికి, రెండో తరగతిలో 24 మందికి, మామూలు తరగతిలో 1,300 మందికి చోటు, 4,000 మూటల సరుకుకు జాగా ఉండేవి. రేవులో జనం పండగ చేసుకున్నారు.

పోటీ అక్కడే మొదలైంది. దొరల కంపెనీ టిక్కెట్టు ధరను మనిషికి ఒక రూపాయికి దించింది. స్వదేశీ కంపెనీ అర్ధరూపాయికి, అంటే ఎనిమిదణాలకు దించింది. ఎనిమిదణాలకు కొలంబో! దానిమీద దొరలు అసలు టిక్కెట్టే వద్దు, ఊరికే తీసుకెళతాం, పైపెచ్చు ఎక్కినవారికి తలా ఒక గొడుగు ఇస్తామన్నారని జీవితచరిత్రకారులు రాస్తారు. వందకు పైగా ఓడలున్న కంపెనీ ఒక్క తూత్తుకుడి దారిలో నష్టం తెచ్చుకుని, ఆ లోటును రంగూను దారిలోనో ఇంకోచోటో పూడ్చుకోగలదు. రెండే ఓడలున్నవారికి ఆ వీలు లేదు. బొగ్గు ఖర్చు ఉంది, కళాసీల జీతాలున్నాయి, ఓడ కదిలినా కదలకపోయినా ఖర్చు తప్పదు.

మరి ప్రయాణికులు ఏం చేశారు? గాలిబండ మీద మనవాళ్లు నన్ను నిలదీసింది ఈ ప్రశ్నతోనే. ఇక్కడ కథ రెండు రకాలుగా వినిపిస్తుంది. గొడుగుల తర్వాత స్వదేశీ ఓడలు దాదాపు ఖాళీగా తిరిగాయని కొందరు రాశారు. గొడుగు చూపినా మన జనం లొంగలేదని మరికొందరు. నా మట్టుకు నాకు రెండూ నిజమేననిపిస్తుంది. రేవులో ఉన్నది ఒకే రకం మనుషులు కాదు. దుకాణమున్న వర్తకుడు, వాటా కొన్న ప్లీడరు ఎనిమిదణాలు కాదు ఎనిమిది రూపాయలైనా స్వదేశీ ఓడే ఎక్కి ఉంటారు. తోటల్లో కూలికి పోయేవాడికి ఎనిమిదణాలంటే ఇంట్లో వదిలి వచ్చిన పిల్లలకు కొన్ని పూటల సంగటి. వాడు గొడుగు పుచ్చుకున్నాడంటే నేను తప్పు పట్టలేను.

తప్పు పట్టే యోగ్యత నాకు లేదు కూడా. నేను జూనియరుగా ఉన్న రోజుల్లో ఒక ఊళ్లో ఉద్యోగులమంతా కలిసి సహకార దుకాణం పెట్టుకున్నాము. సరుకులు ఇక్కడే కొంటామని మీటింగులో చేతులెత్తాము. బజారులో ఒక సేటు కిలో చక్కెర మీద నలభై పైసలు తగ్గించాడు. మొదటి నెల నేను కదల్లేదు. రెండో నెల చీకటి పడ్డాక సంచి చంకలో పెట్టుకుని సేటు దగ్గరికి వెళ్లాను. అక్కడ మా హెడ్ క్లర్కుగారు కనిపించారు. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టే చక్కెర కట్టించుకున్నాము. ఏడాది తిరక్కుండా మా దుకాణం మూతపడింది, ఆ మరుసటి నెలలోనే సేటు చక్కెర ధర పెంచాడు. దొరల కంపెనీ ఊరికే ఇచ్చిన ప్రయాణం కూడా ఆ లెక్కలోదే.

ఓడల దెబ్బ చాలదన్నట్టు 1908 ఫిబ్రవరిలో తూత్తుకుడి కోరల్ మిల్లు కార్మికుల సమ్మెకు పిళ్ళైగారు నాయకత్వం వహించారు. తొమ్మిది రోజుల్లో సమ్మె గెలిచింది. జీతం పెరిగింది, ఆదివారం సెలవు వచ్చింది. సర్కారు ఇక ఊరుకోలేదు. మార్చి 12న ఆయనను, సుబ్రహ్మణ్య శివను నిర్బంధించారు. మర్నాడు తిరునల్వేలిలో జనం తిరగబడ్డారు, కాల్పుల్లో నలుగురు పోయారు. ఆ వేడి మన బెజవాడ దాకా తగిలింది. తిరునల్వేలి కాల్పుల మీద స్వరాజ్య పత్రికలో రాసినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారికి మూడేళ్ల జైలు పడింది.

జులై 7న జడ్జి పిన్హే తీర్పు చెప్పాడు. రాజద్రోహానికి ఇరవై ఏళ్లు, శివకు ఆశ్రయమిచ్చినందుకు ఇంకో ఇరవై ఏళ్లు. అప్పీలులో చివరికి ఆరేళ్లకు తగ్గింది. కోయంబత్తూరు జైల్లో ప్లీడరుగారిని ఎద్దుకు బదులుగా నూనె గానుగకు కట్టి తిప్పించారు. తర్వాత కన్ననూరు జైలుకు మార్చారు.

మనిషి లోపల ఉంటే బయట కంపెనీని ఎవరు నడుపుతారు? వాటాదారులు బెదిరిపోయారు. 1911లో కంపెనీని ఎత్తివేసి, ఓడలను పోటీదారులకే అమ్మివేశారు. అన్నిటికంటె నన్ను బాధించేది ఈ ఒక్క పద్దే. ప్రయాణికులు జారిపోయి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కంపెనీని మునగగొట్టడానికి గొడుగులు మాత్రమే చాలలేదు, జైలు కూడా కావలసి వచ్చిందన్నది మాత్రం తారీఖులు చూస్తే తెలుస్తుంది. ఆ దొరల కంపెనీ 1914లో పి అండ్ ఓ కంపెనీతో కలిసింది. పి అండ్ ఓ అన్న పేరు విహారనౌకల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. ఈ సంగతి చెప్పగానే మా మిత్రుడు ఫోను తీసి, కూతురెక్కేది ఆ పేరు ఓడేనా అని అడిగాడు. కాదట. ఆయన ముఖం తేటపడింది.

పిళ్ళైగారు 1912 డిసెంబరు 24న విడుదలయ్యారు. అరెస్టయిన రోజున ఊళ్లు అట్టుడికాయి, విడుదల రోజున ఎదురువచ్చినవారు కొద్దిమందే. ప్లీడరు పట్టా పోయింది. మద్రాసులో చిల్లర దుకాణం పెట్టారు, నడవలేదు. కోయంబత్తూరులో బ్యాంకు ఉద్యోగం చేశారు, ఆ జీతం చాలలేదు.

ఈ కష్టకాలంలోదే బాకీ సొమ్ము సంగతి ఒకటుంది. అరియర్సు కోసం ట్రెజరీ చుట్టూ తిరిగిన మనకు బాగా అర్థమవుతుంది. దక్షిణాఫ్రికాలోని తమిళులు ఆయన కుటుంబం కోసం చందాలు వేసి గాంధీగారికి అప్పగించారు. 1915లో గాంధీగారు మద్రాసు వచ్చినపుడు పిళ్ళైగారు కలుసుకున్నారు. ఆ తర్వాత ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచాయి. అడగడానికి ఈయనకు సిగ్గు, అడగకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. చివరకు 1916లో చేతికందింది. మొత్తం రూ. 347-12-0. అన్నీ పోగొట్టుకున్న మనిషి ఆ పన్నెండణాల కోసం కూడా ఎదురుచూశారు.

వాలెస్ అనే ఇంగ్లీషు న్యాయమూర్తి దయవల్ల ప్లీడరు పట్టా తిరిగి వచ్చింది. ఆ కృతజ్ఞతతో కొడుక్కు వాలేశ్వరన్ అని పేరు పెట్టుకున్నారు. తెల్లదొరల ఓడల మీద యుద్ధం చేసి, ఒక తెల్లదొర పేరు ఇంట్లో పెట్టుకున్న మనిషి! కోవిల్‌పట్టిలో ప్రాక్టీసు చేసుకుంటూ, తిరుక్కురళ్, తొల్కాప్పియం వంటి గ్రంథాల మీద పనిచేస్తూ, అప్పులతోనే చివరి రోజులు గడిపారు. 1936 నవంబరు 18న తూత్తుకుడి కాంగ్రెసు కార్యాలయంలో కన్నుమూశారు.

ఓడల కథ అక్కడితో ఆగలేదు. 1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీ తన మొదటి ఓడను బొంబాయి నుంచి లండనుకు పంపింది. ఆ ఓడ పేరు లాయల్టీ, అంటే విశ్వాసం. ఆ కంపెనీనీ దొరలు ధరల పోటీతో ముంచాలని చూశారు గాని అది తట్టుకుని నిలబడింది. 1941లో విశాఖపట్నంలో ఓడల కర్మాగారానికి పునాది వేసింది. 1948లో అక్కడినుంచే జలఉష నీళ్లలోకి దిగింది.

తపాలాశాఖవారు 1972లో పిళ్ళైగారి స్టాంపు వేశారు. 2011లో తూత్తుకుడి రేవుకు ఆయన పేరు పెట్టారు. ఆయన తిప్పిన గానుగ మద్రాసు గిండీలోని గాంధీమండపం ఆవరణలో ఉంది. పిల్లల దగ్గరకు మద్రాసు వెళ్లే సభ్యులు వీలు చేసుకుని, మనవళ్లను వెంటబెట్టుకుని ఒకసారి చూసి రండి.