క్లౌ దొరగారును ఒంగోలు సంఘమును

మన మహాసభ వార్షికసంచికలలో కులపెద్దల చరిత్రములు ప్రకటించుట వాడుక. ఈ యేట నేను వ్రాయబూనినది మన కులమున పుట్టినవాని చరిత్రము గాదు. సముద్రములు దాటి వచ్చిన యొక పరదేశీయునిది. అయినను ఒంగోలు, కనిగిరి, పొదిలి ప్రాంతముల మాదిగపల్లెలలో ఆయన పేరు వినని యిల్లు అరుదు. క్రైస్తవులైనవారును కానివారును ఈ సభలో నొక్క పంక్తిని కూర్చుండువారే గనుక, దీనిని మతబోధగా గాక కులచరిత్రలో నొక యధ్యాయముగా చదువ ప్రార్థన.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రమందు జన్మించిరి. ఇల్లు సంపన్నమైనది కాదు. కుటుంబము పశ్చిమసీమలకు తరలిపోగా, యౌవనమున మిన్నెసోటా ప్రాంతమందు భూములు కొలుచు సర్వేపనిలో కుదిరి ఆ విద్య నేర్చిరి. అది పిమ్మట మన గుండ్లకమ్మ సీమలో నెట్లక్కరకు వచ్చెనో ముందు తెలియగలదు. కళాశాలలో చదివి, బాప్తిస్టు సంఘమున చేరి, 1864 చివర భార్య హారియెట్ గారితో ఓడయెక్కి, 1865లో చెన్నపట్టణము మీదుగా నెల్లూరు చేరిరి.

ఆనాటికి నెల్లూరి మిషను స్థితి దయనీయము. శామ్యూల్ డే గారు 1840లో అచ్చట స్థాపించిన యా పని ఇరువదియైదేండ్లు గడచినను కొన్ని పదుల సభ్యులకు మించలేదు. దీనిని మూసివేయవలెనని అమెరికాలోని పెద్దలు పలుమారులు యోచించిరి. 1853లో ఆల్బనీ నగరమున కూడిన సభలో ఆ తర్కము జరిగినప్పుడే, పటములో దిక్కులేక నిలిచిన యీ యొక్క స్థానమునకు ఒంటరి నక్షత్రమను పేరు కలిగెను. ఆ మరుసటి యేడు, 1854 జనవరి 1వ తేదీ ప్రాతఃకాలమున, జ్యూయెట్ దొరగారును వారి భార్యయు, నర్సు, జూలియా, రూతు అను ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండనెక్కి, ఈ సీమకొక బోధకుని పంపుమని ప్రార్థించిరి. పండ్రెండేండ్లకు గాని యా బోధకుడు రాలేదు. 1866 సెప్టెంబరు 17వ తేదీన క్లౌగారు ఒంగోలున కాపురము పెట్టిరి. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది. 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురు సభ్యులతో సంఘమేర్పడెను.

ఇచ్చట కథను కొంత వెనుకకు మరల్పవలెను. ఏలయన, క్లౌగారి చరిత్రలో సగభాగము ఎర్రగుంట్ల పేరయ్యగారిది. తాళ్లకొండపాడు వారి గ్రామము. తోళ్ల వర్తకము వృత్తి. దొరల ముఖము చూడక మునుపే రాజయోగము సాధించి, శిష్యులు గల గురువుగా ప్రసిద్ధి గాంచినవారు. విగ్రహారాధనయందు నమ్మిక సడలి, ఈశ్వరుడొక్కడే యను నిశ్చయమునకు తమంత తామే వచ్చిరి. తోళ్ల బేరమునకై ఉత్తరసీమలకు పోయినప్పుడు క్రైస్తవబోధ వారి చెవిని పడెను. 1866లో భార్య నాగమ్మగారితో ఒంగోలు వచ్చి, జ్యూయెట్ గారిచేత బాప్తిస్మము పొంది, మరల స్వగ్రామమునకు పోయి, తోళ్లు కొను పల్లెలలోనే తాము తెలిసికొన్నది చెప్పుచు తిరిగిరి. మాదిగవానికి జ్ఞానమంతయు పరదేశమునుండియే దిగుమతియైనదని తలచువారు ఈ సంగతి గమనింతురుగాక.

1867 జనవరిలో పేరయ్యగారి పిలుపున క్లౌగారు నలుబది మైళ్లు పయనించి తాళ్లకొండపాటి చెంత గుడారము వేసిరి. చుట్టుప్రక్కల పల్లెలవారు కట్టుబట్టలును తిండిగింజలును మూటగట్టుకొని, నేర్పవలసినది నేర్చి గాని కదలమను సంకల్పముతో వచ్చి కూర్చుండిరి. కొలది దినముల బోధానంతరము, 20వ తేదీన ఇరువదియెనమండుగురు బాప్తిస్మము పొందిరి. నెల్లూరిలో నేండ్ల తరబడి ఒక్కొక్కరుగా లెక్కించిన పెద్దలకు ఈ వార్త నమ్మశక్యము గాకుండెను.

ఒంగోలునకు మరలివచ్చిన క్లౌగారికి పరీక్ష కాచుకొనియుండెను. ఊరిలోని అగ్రవర్ణముల పెద్దలు తమ పిల్లలకై పాఠశాల కావలెనని కోరగా, ఆయన తెరచియుండిరి. బ్రాహ్మణ బాలురు చదువుచుండిరి. పెద్దలు మర్యాదతో వచ్చి మతవిషయములు ముచ్చటించుచుండిరి. పైవర్ణములు ముందు చేరినయెడల క్రిందివారు తామే వత్తురని ఆనాటి పాదిరులలో పెక్కుమంది యెన్నిక. మాదిగలు సంఘమున చేరుచున్నారని విని, వారిని చేర్చుకొన్నచో మేము రామని ఆ పెద్దలు స్పష్టముగా తెలిపిరి. క్లౌగారు నిజముగా చలించిరి. ఇందు దాచవలసినది లేదు. ఆ సంకటమున ఆయన యొక గదిలో బైబిలు తెరువగా, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, పిలువబడినవారిలో ఘనులును కులీనులును కొలదిమందియేయని చెప్పు భాగము కంటబడెను. అదే సమయమున వేరొక గదిలో హారియెట్ గారు తెరచినదియు నా పుటయే. ఇది యాదృచ్ఛికమో, ఈశ్వరసంకల్పమో చదువరులే నిర్ణయింతురుగాక. ఆ దంపతులకు మాత్రము సందేహము తీరెను. మాదిగలకు తలుపు తెరచియుంచబడెను, అగ్రవర్ణ బాలురు వెడలిపోయిరి, పాఠశాల మూతపడెను.

సంస్కృతపాఠము చెప్పి బ్రతికిన నావంటివాడు ఈ ఘట్టమును పొడిగా చదివి దాటలేడు. ఆనాడు తలుపు మరియొక వైపున తెరచియుండినయెడల, మా తాతల తరమునకు అక్షరమెచ్చటినుండి వచ్చియుండెడిది? బోధకులును వారి భార్యలును పల్లెలలో చెట్టునీడను కూర్చుండి నేర్పిన యోనమాలే మా యింట తొలి విద్య. ఒంగోలున మిషనువారి ఉన్నతపాఠశాల 1880లో వెలసెను.

సంఘమున చేరగోరువారికి క్లౌగారు ముఖ్యముగా మూడు నియమములు విధించిరి: ఆదివారము పని మానవలెను, విగ్రహములను కొలువరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు. వినుటకివి సులభములు. కాని మాదిగ జీవనమెట్టిదో యెఱిగినవారికి వీని బరువు తెలియును. రైతునకు చెప్పులు కుట్టి, కపిల బానలు కట్టి, కళ్లమున మేర గింజలు పుచ్చుకొను కుటుంబము ఆదివారము రానన్నచో రైతు కోపమునకు హద్దుండునా? జాతరలో డప్పు కొట్టమన్నచో గ్రామదేవతకే యపచారమని ఊరు మండిపడెను. మేర గింజలు నిలిచెను. త్రోవలును నీళ్లును కట్టుబడెను. దొంగతనములు మోపబడెను. కరణము మునసబుల యెదుట నోరెత్త జాలని మాదిగవానికి, కలెక్టరుకు అర్జీ వ్రాయగల యొక దొర తోడుండుట అంతకుమునుపెన్నడు నెఱుగని సంగతి. పల్లె నిలుచు తీరే మారెను.

డప్పును గూర్చి ఒక మాట. డప్పు మనకు వెట్టియు నయ్యెను, విద్యయు నయ్యెను. దొరగారు వెట్టిని చక్కగా చూచిరి. విద్యను చూడలేదేమోయని నా యభిప్రాయము. ఆ వాద్యమును విడిచిన కుటుంబములలో తాళజ్ఞానము రెండు తరములలో నడుగంటెను. దీనికి ఆయన నొక్కరినే తప్పుపట్టుట న్యాయము గాదు. ఆనాటి మనవారే దానిని వదలించుకొన తొందరపడిరి.

1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన క్షామము మన సీమను శ్మశానము చేసెను. సర్కారువారు బకింగుహాము కాలువ త్రవ్వించుచుండగా, క్లౌగారు అందు కొంత భాగము పని గుత్తకు పుచ్చుకొనిరి. యౌవనమున నేర్చిన సర్వేవిద్య ఇచ్చట ఫలించెను. వేలకొలది జనము పలుగు పార పట్టి, కూలి పుచ్చుకొని ప్రాణములు నిలుపుకొనిరి. బోధకులే మేస్త్రీలైరి. ఇతరచోట్ల కూలివానిని తిట్టి కొట్టుచుండగా, ఇచ్చట వానితో మనుష్యునితో వలె మాటలాడుదురను కీర్తి పల్లెపల్లెకు ప్రాకెను. పగలు మట్టి మోసి, విరామవేళ నీడను కూర్చుండి బోధ వినిరి.

క్షామకాలమున కూటికొఱకు మతము మారిరని మనవారిని ఆక్షేపించుట నేటికిని వినబడును. నిజమేమన, కరవు సాగినంతకాలము క్లౌగారు బాప్తిస్మము లీయక నిలిపివేసిరి. ఏడాదికి పైగా ఎందఱు వేడినను చలింపలేదు. 1878లో వర్షములు కురిసి, ధర్మకూడు ముగిసినపిమ్మట, క్రైస్తవులు మాత్రము రావలెనని వెల్లంపల్లిలో కూటమేర్పరుపగా, రావలదన్నవారును గుంపులుగా వచ్చిరి. సహాయధనమిక లేదని ఆయన చెప్పిరి. తమకు ధనమక్కఱలేదనియు, చేర్చుకొన్న చాలుననియు వారు బదులు పలికిరి. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మొత్తము 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచినవారు తెలుగు బోధకులు. ఆర్గురు, ఇద్దఱిద్దఱు చొప్పున వంతులు మారిరి. దొరగారు ఆ 3వ తేదీన స్వయముగా నొక్కరికిని బాప్తిస్మమీయలేదు. ఈ యొక్క విషయమును మన పిల్లలకు చెప్పుట మరువరాదు.

1880 తరువాతి తొలి సంవత్సరములలో ఒంగోలు సంఘము ఇరువదివేలకు పైబడి, ప్రపంచమందలి బాప్తిస్టు సంఘములలో నెల్ల పెద్దదియై నిలిచెను. అంత పెద్దకుటుంబమును ఒక్కచోటనుండి పాలించుట సాధ్యము గాక, కంబము, వినుకొండ, నరసరావుపేటలు వేరు క్షేత్రములైనవి. క్రొత్త దొరలు వచ్చిరి. పల్లెలోని ముసలివారు మాత్రము ఎవరు వచ్చినను, ఒంగోలు పోయి క్లౌ దొరతో చెప్పుకొందుమనియే యనుచుండిరట. పాలకుడు మారినంత త్వరగా సంఘము మారదు.

1893లో హారియెట్ గారు గతించిరి. మరుసటి యేడు క్లౌగారు ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడిరి. ఆ విదుషీమణి మనపల్లెల వృద్ధుల నోట విన్న మాతంగి, అరుంధతి కథలను, పేరయ్యగారి వంటివారి జీవితములను గ్రంథముగా కూర్చి 1899లో ప్రకటించిరి. మన కులమును గూర్చి, మనవారు చెప్పగా విని వ్రాసిన తొలి పుస్తకములలో నది యొకటి. పరిశీలింప గోరువారు దానిని తప్పక చదువవలెను.

1910 నవంబరు 24వ తేదీన, రాచెస్టరు నగరమున, డెబ్బదినాలుగవ యేట క్లౌగారు దేహము చాలించిరి. ఒంగోలులోని క్లౌ వైద్యశాల ఆయన స్మారకముగా వెలసినదే. ఆయన చెప్పగా ఎమ్మాగారు వ్రాసిన స్వీయచరిత్రము 1914లో వెలువడెను. అందాయన తన మార్పును దాచలేదు. ఒక్కొక్క యాత్మను వేరుచేసి రక్షింప వచ్చిన తాను, మాదిగలు ఒంటరిగా కదలరనియు, కుటుంబముగా, పల్లెగా, పెద్దల మాటపై కదలుదురనియు ఈ దేశమున నేర్చుకొంటినని ఒప్పుకొనిరి. ఆ పాఠము ఆయనకు మొదట చెప్పినది తాళ్లకొండపాటి చింతలనీడను మూటలు విప్పుకొని కూర్చుండినవారు.