బొమ్మ నౌకల్లో దీపం వెలిగించిన ఎయిజీ త్సుబురాయా

జపాను అనిమే చిత్రాల్లోని అంతరిక్ష నౌకలను ప్లాస్టిక్ భాగాలతో కూర్చి, వాటి కిటికీల వెనుక చిన్న దీపాలు అమర్చుకునే అభిరుచి నేడు అనేక దేశాల్లో కనిపిస్తుంది. మూరెడు పొడవున్న నౌక చీకటి గదిలో వెలిగినప్పుడు అందులో మనుషులున్నారనీ, అది సుదూర ప్రయాణానికి సిద్ధమవుతోందనీ అనిపిస్తుంది. చిన్న వస్తువును చూపి మహాకాయాన్ని నమ్మించే ఈ విద్యను జపాను వెండితెరపై స్థిరపరచిన వ్యక్తి ఎయిజీ త్సుబురాయా. ఆయన అనిమే తీయలేదు, ప్లాస్టిక్ కిట్లు అమ్మలేదు. గాడ్జిల్లాకు ప్రాణం పోసిన ప్రత్యేక దృశ్యాల దర్శకునిగా, అల్ట్రామాన్ సృష్టికర్తగా ప్రపంచం ఆయనను ఎరుగును. అయితే ఆయన జీవితాన్ని మొదటి నుండి చివరి వరకు నడిపించింది నమూనా విమానమే. బాల్యంలో అది ఆటవస్తువు. నడివయసులో యుద్ధానికి పనిముట్టు. ఆ తరువాత యుద్ధం వద్దని చెప్పడానికి ఒక సాధనం.

సుకగావా బాలుడు

త్సుబురాయా 1901 జూలైలో జపాను ఈశాన్య ప్రాంతంలోని ఫుకుషిమా జిల్లా, సుకగావా పట్టణంలో జన్మించారు. ఆయన అసలు పేరు ఎయిచి. బియ్యాన్ని పులియబెట్టి కోజి తయారుచేసే వ్యాపార కుటుంబం వారిది. మూడేళ్ళ వయసులోనే తల్లి మరణించింది. తండ్రి కూడా దూరం కావడంతో నాయనమ్మ వరుస పెద్దలు, తనకంటే కొద్ది సంవత్సరాలే పెద్దవాడైన పినతండ్రి వరుస బంధువు ఆ బాలుణ్ణి పెంచారు.

1910 డిసెంబరులో టోక్యోలోని యొయొగి మైదానంలో ఇద్దరు సైనికాధికారులు జపాను గడ్డపై తొలిసారిగా విమానాలను ఎగురవేశారు. ఆ వార్త తొమ్మిదేళ్ళ ఎయిచి మనసును పూర్తిగా ఆక్రమించింది. పత్రికల్లో వచ్చిన బొమ్మలను చూస్తూ కర్రముక్కలతో నమూనా విమానాలు చేయడం ఆయనకు నిత్యకృత్యమైంది. చూడని వస్తువును ఛాయాచిత్రం ఆధారంగా కొలతలు ఊహించి నిర్మించడం అప్పుడే అలవడింది. మూడు దశాబ్దాల తరువాత ఇదే నేర్పు ఆయనను కీర్తి శిఖరానికీ, నైతికమైన చిక్కుముడికీ ఒకేసారి చేర్చింది.

విమాన చోదకుడు కావాలన్న కోరికతో 1916లో ఆయన హనెదాలోని నిప్పన్ విమాన పాఠశాలలో చేరారు. మరుసటి ఏడాది ఆ పాఠశాల వ్యవస్థాపకుల్లో ఒకరైన సెయితారో తమాయి విమాన ప్రమాదంలో మరణించారు. పాఠశాల మూతపడింది. త్సుబురాయా టోక్యోలోని కంద ప్రాంతంలో విద్యుత్ శాస్త్రం చదువుతూ, ఒక ఆటవస్తువుల సంస్థలో కొత్త బొమ్మలకు రూపకల్పన చేస్తూ జీవనం సాగించారు. విమానం, విద్యుత్తు, ఆటబొమ్మ అనే ఈ మూడు విద్యలూ మళ్ళీ ఎన్నడూ ఆయనను విడువలేదు.

కెమెరా వైపు

1919లో చెర్రీ పూల వేడుకలో దర్శకుడు యొషిరో ఎదమాసాతో కలిగిన పరిచయం ఆయనను చలనచిత్ర రంగానికి తీసుకువచ్చింది. తప్పనిసరి సైనిక సేవ ముగించుకుని తిరిగివచ్చిన తరువాత ఆయన ఛాయాగ్రాహకునిగా ఎదిగారు. తెయినొసుకె కినుగసా 1926లో తీసిన ప్రయోగాత్మక మూకీ చిత్రం ‘ఒక పిచ్చి పుట’కు సహాయ ఛాయాగ్రాహకునిగా పనిచేశారు. 1930లో మసానో అరాకితో ఆయనకు వివాహమైంది.

1933లో విడుదలైన అమెరికా చిత్రం ‘కింగ్ కాంగ్’ ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ చిత్రం ప్రతిని సంపాదించి, ఒక్కొక్క ఫ్రేమును వేరుగా పరిశీలించి, ఏ దృశ్యం ఎలా సాధ్యమైందో ఆయన విశ్లేషించుకున్నారు. తాను చేయవలసిన పని ఇదేనని అప్పుడు నిశ్చయించుకున్నారు. 1937లో తోహో సంస్థ ఏర్పడినప్పుడు ఆయన అక్కడ ప్రత్యేక సాంకేతిక విభాగం బాధ్యత చేపట్టారు. తోటి ఛాయాగ్రాహకులు ఆ విభాగాన్ని గారడీగా చూశారు. తొలి రోజుల్లో ఆయన దాదాపు ఒంటరిగానే పనిచేయవలసివచ్చింది.

యుద్ధం కోరిన బొమ్మలు

ఆ ఒంటరితనాన్ని తొలగించింది యుద్ధం. పెర్ల్ హార్బర్ దాడికి ఏడాది నిండిన సందర్భంగా 1942 డిసెంబరులో ‘హవాయి మలయా సముద్ర యుద్ధం’ అనే చిత్రం విడుదలైంది. కజిరో యమమొతో దర్శకత్వం వహించిన ఈ ప్రచార చిత్రంలో ఓడరేవును, యుద్ధనౌకలను, వాటిపై విరుచుకుపడే విమానాలను త్సుబురాయా బృందం నమూనాలతో నిర్మించింది. సైనిక రహస్యాల పేరిట నౌకాదళం తగిన వివరాలు ఇవ్వకపోవడంతో, పత్రికల్లో వచ్చిన ఛాయాచిత్రాల నుండే కొలతలు లెక్కగట్టారు. సుకగావా బాలుడు కర్ర విమానాలకు చేసిన లెక్కే ఇది.

చిత్రం ఘనవిజయం సాధించింది. అందులోని దాడి దృశ్యాలను యుద్ధానంతరం వచ్చిన అమెరికా అధికారులు నిజమైన యుద్ధ చిత్రాలుగా పొరబడ్డారని జపాను సినీ చరిత్రలో తరచుగా చెప్పుకుంటారు. నమూనాకారునికి అంతకు మించిన ప్రశంస లేదు. కాని ఆ ప్రశంసకు మరొక ముఖం ఉంది. నమ్మించగల బొమ్మ యువకులను యుద్ధానికి కూడా పంపగలదు. జపాను ఓటమి తరువాత ఆక్రమణ ప్రభుత్వం యుద్ధ ప్రచారంలో పాల్గొన్నవారిపై ఆంక్షలు విధించింది. 1948లో త్సుబురాయా తోహోను వదలవలసివచ్చింది. ఇంటి వద్దనే చిన్న ప్రయోగశాల ఏర్పరచుకుని, ఇతర సంస్థల చిత్రాలకు పనిచేస్తూ ఆ గడ్డుకాలాన్ని దాటారు. 1950 దశకం ఆరంభంలో ఆంక్షలు తొలగిన తరువాత తిరిగి తోహోలో స్థానం లభించింది.

చిన్నదాన్ని పెద్దదిగా చూపే లెక్క

1954 మార్చి 1న బికిని దీవిలో అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష ధూళి ‘లక్కీ డ్రాగన్ 5’ అనే జపాను చేపల పడవపై పడింది. జపాను ప్రజల్లో రేగిన భయం, ఆగ్రహం ఆ ఏడాది నవంబరులో విడుదలైన ‘గాడ్జిల్లా’కు నేపథ్యమయ్యాయి. దర్శకుడు ఇషిరో హొండా, నిర్మాత తొమొయుకి తనాకా. ‘కింగ్ కాంగ్’ మాదిరిగా బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ తీయాలని త్సుబురాయా తొలుత భావించినా, అందుకు వ్యవధి లేదు. అందువల్ల బరువైన రబ్బరు తొడుగులో నటుణ్ణి నిలిపి, 25వ వంతు పరిమాణంలో కట్టిన టోక్యో నగరంలో నడిపించారు.

బొమ్మ నగరం బొమ్మగా కనిపించకపోవడానికి ఒక భౌతిక సూత్రం ఉంది. వస్తువు నేలపై పడే కాలం, అది పడే ఎత్తు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 25 రెట్లు చిన్నదైన భవనం నిజమైన దానికంటే 5 రెట్లు త్వరగా కూలిపోతుంది. చూసేవారి కన్ను ఆ తొందరను వెంటనే పసిగడుతుంది. సెకనుకు 24 ఫ్రేములకు బదులు 120 ఫ్రేముల వేగంతో చిత్రీకరించి, మామూలు వేగంతో ప్రదర్శిస్తే కూలే గోడకు నిజమైన బరువు వస్తుంది. అయితే వేగం పెరిగేకొద్దీ ఒక్కొక్క ఫ్రేముకు అందే కాంతి తగ్గుతుంది. ఆ లోటు తీర్చడానికి సెట్టును దీపాలతో ముంచెత్తవలసి వచ్చేది. రబ్బరు తొడుగులోని నటుడు ఆ వేడిలోనే నడవాలి. నీటిది మరొక చిక్కు. నీటి బిందువును చిన్నది చేయడం సాధ్యం కాదు. అందుకే సముద్ర దృశ్యాలకు వీలైనంత పెద్ద నౌకా నమూనాలు అవసరమయ్యేవి.

లెక్కతో పాటు యుక్తి కూడా ఆయన సొత్తే. విమాన నమూనాను వేలాడదీసే తీగ కోసం ప్రేక్షకుని కన్ను పైవైపునే వెతుకుతుంది. అందువల్ల కొన్ని సందర్భాల్లో నమూనాను, కెమెరాను తలకిందులు చేసి, తీగలు కింది వైపుకు వచ్చేలా చిత్రీకరించేవారు. 1961 నాటి ‘చివరి యుద్ధం’ చిత్రంలో అణు విస్ఫోట మేఘాన్ని చూపడానికి నీటి తొట్టెలోకి రంగు వదిలి, కెమెరాను తలకిందులుగా ఉంచారు. పందొమ్మిదేళ్ళ కిందట పెర్ల్ హార్బర్‌ను గెలుపుగా చూపిన నమూనాకారుడే ఈ చిత్రంలో టోక్యో నగరం అణుజ్వాలలో కరిగిపోవడాన్ని చూపారు. ఇందులో గెలిచినవారు లేరు.

రోదసిలోకి

1957 నాటి ‘మిస్టీరియన్లు’తో త్సుబురాయా నమూనాలు అంతరిక్ష యుద్ధాల వైపు మళ్ళాయి. 1959లో ‘రోదసిలో యుద్ధం’, 1962లో భూమివైపు దూసుకువచ్చే నక్షత్రం కథగా ‘గొరాత్’ వచ్చాయి. ఈ కథల్లో ఒక దేశం మరొక దేశంపై గెలవదు. దేశాలన్నీ కలిసి భూమిని కాపాడుకుంటాయి.

వీటిలో నౌకాభిమానులు నేటికీ తలచుకునేది 1963 డిసెంబరులో విడుదలైన ‘కైతెయ్ గున్‌కాన్’. ఇతర దేశాల్లో ఇది ‘అట్రాగన్’ పేరుతో ప్రసిద్ధి. ఇందులోని గోతెన్‌గో అనే నౌక సముద్రంలో మునుగుతుంది, ఆకాశంలో ఎగురుతుంది, ముక్కున ఉన్న తిరుగుడు మరతో నేలను తొలుస్తుంది. దాని రూపకర్త చిత్రకారుడు షిగెరు కొమత్సుజాకి. ప్లాస్టిక్ కిట్ల పెట్టెలపై నౌకలకూ విమానాలకూ బొమ్మలు గీసి ఒక తరం బాలురను ఆకట్టుకున్న చేయి అది. తెరమీది నౌకకూ, బాలుని బల్లమీది నౌకకూ మధ్య ఇంతకంటే దగ్గరి బంధుత్వం ఉండదు.

గోతెన్‌గో కథ కూడా గమనించదగినది. ఓటమిని అంగీకరించని ఒక పూర్వ నౌకాదళాధికారి, పాత సామ్రాజ్యాన్ని తిరిగి నిలబెట్టే ఆశతో దానిని రహస్యంగా నిర్మిస్తాడు. ఆ నౌకను ప్రపంచమంతటి రక్షణకు వినియోగించాలని అందరూ కోరినప్పుడు మొదట నిరాకరిస్తాడు, చివరికి ఒప్పుకుంటాడు. కథ త్సుబురాయాది కాదు. కాని యుద్ధ చిత్రానికి నౌకలు చేసి పదవి కోల్పోయిన వ్యక్తి ఇప్పుడు ఈ నౌకను తయారుచేశారు.

ఇంటింటి తెరపై

1963లో ఆయన సొంత నిర్మాణ సంస్థను స్థాపించారు. 1966 జనవరిలో ‘అల్ట్రా క్యూ’, జూలైలో ‘అల్ట్రామాన్’ టెలివిజన్‌లో ప్రసారం కావడం మొదలైంది. అల్ట్రామాన్ ఛాతీపై నీలి దీపం ఉంటుంది. శక్తి సన్నగిల్లినప్పుడు అది ఎర్రగా మారి మినుకుమినుకుమంటుంది. మాట లేకుండా ఒక్క దీపంతోనే ప్రమాదం ఎంత దగ్గరైందో పసిపిల్లలకు సైతం తెలిసిపోయేది. 1967లో వచ్చిన ‘అల్ట్రా సెవెన్’లో మూడు భాగాలుగా విడిపోయి ఎగిరే విమానం పిల్లల కలల్లోకి చేరింది.

వారంవారం కొత్త కథ, కొత్త నమూనా, కొత్త విధ్వంసం. పని భారం ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో మిత్సుబిషి మండపానికి దృశ్యాలు సిద్ధం చేస్తున్న కాలంలోనే, 1970 జనవరి 25న షిజుఒకా జిల్లాలోని ఇతో పట్టణంలో గుండెజబ్బుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 68 సంవత్సరాలు. తొలినాటి విమాన చోదకులపై ఒక చిత్రం తీయాలన్న ఆయన చిరకాల కోరిక తీరలేదు.

ఆరని దీపం

ఆయన మరణించిన నాలుగేళ్ళకు, 1974 అక్టోబరులో ‘అంతరిక్ష యుద్ధనౌక యమాతో’ అనిమే ధారావాహిక ప్రారంభమైంది. 1945లో మునిగిపోయిన నిజమైన యుద్ధనౌక పేరుతో, భూమిని కాపాడేందుకు రోదసికి లేచిన నౌక అది. తరువాత 1980లో గుండామ్ యంత్రమానవుల కిట్లు వచ్చి ఈ అభిరుచిని ఇంటింటికీ చేర్చాయి. జపాను ప్లాస్టిక్ నమూనాల పరిశ్రమకు కేంద్రం త్సుబురాయా తుదిశ్వాస విడిచిన షిజుఒకా జిల్లాయే.

ఇలాంటి నౌకను వెలిగించేవారు నేటికీ ఆయన ఎదుర్కొన్న సమస్యనే ఎదుర్కొంటారు. పాలీస్టైరిన్ గోడ కాంతిని పూర్తిగా ఆపదు. లోపల దీపం పెడితే నౌక అంతా లాంతరులా మెరిసి బొమ్మగా తేలిపోతుంది. అందుకే లోపలి గోడలకు ముందుగా నల్లరంగు, దానిపై తెలుపు లేదా వెండి రంగు పూస్తారు. వెంట్రుకంత సన్నని రంధ్రాల గుండా ఆప్టికల్ ఫైబర్ పోగులను కిటికీల వరకు తెస్తారు. ఎల్ఈడీకి తగిన రెసిస్టర్ కలిపి వెలుగును తగ్గిస్తారు. వెలుగు ఎక్కువైతే నౌక చిన్నదవుతుంది. మసకగా, పొదుపుగా ఉన్న వెలుగే దానిని పెద్దది చేస్తుంది.

సుకగావా పట్టణ వీధుల్లో నేడు అల్ట్రామాన్ విగ్రహాలు నిలిచి ఉన్నాయి. 2019లో అక్కడ ఎయిజీ త్సుబురాయా సంగ్రహాలయం ప్రారంభమైంది. ఆ మరుసటి ఏడాది ప్రత్యేక దృశ్యాల నమూనాలను భద్రపరచే కేంద్రం కూడా అదే పట్టణంలో వెలిసింది. చిత్రీకరణలో పగలడానికే పుట్టిన బొమ్మలను ఇప్పుడు పగలకుండా కాపాడుతున్నారు. పత్రికలో బొమ్మ చూసి కర్ర విమానం చేసుకున్న బాలుని ఊరిలో, మరో తరం పిల్లలు ఆ నమూనాల ముందు నిలబడి చూస్తున్నారు.