బ్రౌను దొర వంశము, జీవితము

కంభం, గిద్దలూరు, మార్కాపురం సీమలు 1858లో కర్నూలు జిల్లాకు మారేవరకు కడప జిల్లాలోనివి. 1970లో అవి ప్రకాశం జిల్లాలో చేరినవి. అందువల్ల 1820లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడప కలెక్టరుకు సహాయకుడుగా వచ్చిననాడు ఈ కొండసీమ వ్యవహారాలు కూడా కడప కచేరీకి చేరవలసినవే. అప్పటికి ఆయనకు ఇరువదిరెండేండ్లు నిండలేదు.

ఆయన 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించినాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ యార్కుషైరు నుండి వచ్చిన క్రైస్తవ మతాచార్యుడు, బహుభాషావేత్త. అనాథ బాలల శరణాలయాన్ని నడిపినాడు. తరువాత ఫోర్ట్ విలియం కళాశాలకు తొలి ప్రొవోస్టు అయినాడు. తల్లి ఫ్రాన్సెస్ కౌలీ. ఈమె తల్లి హానా కౌలీ లండను రంగస్థలంపై పేరుపొందిన నాటకకర్త్రి. హానా తండ్రి టివర్టను పట్టణంలో పుస్తక విక్రేత. మనవారు బ్రౌను చరిత్ర చెప్పేటప్పుడు తండ్రిని తలచినంతగా ఈ అమ్మమ్మను తలవరు. పుస్తకాల పిచ్చి ఆ యింట రెండువైపులా ఉన్నదే.

పదునాలుగవ యేట, 1812లో, తండ్రి పోయినాడు. కుటుంబం ఇంగ్లండు చేరినది. హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువుకు తగిన చదువు చదివి, 1817 ఆగస్టులో బ్రౌన్ మద్రాసులో దిగినాడు. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు మొదలుపెట్టినాడు.

ఉద్యోగం కోసం నేర్చిన భాష ఉద్యోగాన్ని మించిపోయినది. 1821లో కడపలో ఉచిత పాఠశాలలు పెట్టినాడు. మచిలీపట్నం వెళ్లి అక్కడా పెట్టినాడు. 1824లో వేమన పేరు విని తాళపత్రాలు వెదకించి, 1829లో 693 పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చు వేయించినాడు. మళ్లీ కడప వచ్చినప్పుడు ఒక బంగళా కొని, అందులో పండితులనూ వ్రాయసగాండ్రనూ కూర్చోబెట్టినాడు. జీతాలిచ్చినది సర్కారు కాదు, ఆయనే. జీతం చాలక అప్పులు చేసినాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి మున్నగువారు ప్రతులు పోల్చి, పాఠాలు సవరించి, టీకలు వ్రాసినారు. వారి శ్రమ లేనిదే బ్రౌను లేడు. ఆయన పోషణ లేనిదే ఆ తాటాకులు ఏ అటకమీదనో చెదలపాలయ్యేవి.

1834లో కొలువు పోయినది. లండను వెళ్లి, ఇండియా హౌసులో దిక్కులేక పడివున్న దక్షిణదేశపు ప్రతులకు పట్టిక కూర్చినాడు. తిరిగి మద్రాసు వచ్చి 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, 1854లో మిశ్రభాషా నిఘంటువు వెలువరించినాడు. కావ్యభాషతోపాటు కచేరీ మాటకూ, సేద్యగాని మాటకూ నిఘంటువులో చోటిచ్చినాడు. పండితులు నొసలు చిట్లించిన ఈ పనే నేటికీ మనకెక్కువగా అక్కరకు వస్తున్నది. సేకరించిన రెండువేలకు పైబడిన ప్రతులను తనవెంట తీసుకుపోలేదు, మద్రాసుకే ఇచ్చివేసినాడు.

1855లో లండను చేరినాడు. కొంతకాలం అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా ఉన్నాడు. పెండ్లి చేసుకొనలేదు, సంతానం లేదు. 1884 డిసెంబరు 12న కిల్డేర్ గార్డెన్సులోని యింట కన్నుమూసినాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది. కడపలో ఆయన బంగళా కాలక్రమాన పాడుపడిపోగా, జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఇంటింటా చందాలెత్తి ఆ స్థలంలోనే బ్రౌన్ పేర గ్రంథాలయం నిలబెట్టినాడు.